సముద్రం ఒడ్డున నాలుగు రోజులు: చీటీ పాడాలా, ఆగాలా?

ప్రశ్న: మాది విజయనగరం. నాకు 38 ఏళ్లు. పైడిభీమవరంలో ప్రైవేటు ఉద్యోగం, చేతికి 42,000 వస్తుంది. నా భార్య ఇంట్లో కుట్టుపనితో నెలకు 8,000 దాకా తెస్తుంది. ఇద్దరు పిల్లలు, 71 ఏళ్ల అమ్మ. ఖర్చులన్నీ పోను 5,000 మిగులుతుంది. బ్యాంకులో 40,000 ఉంది. లక్ష రూపాయల చీటీ (20 నెలలు) వేశాను, ఆరు నెలలు కట్టాను. అమ్మ పుట్టిల్లు బారువ దగ్గర పల్లె. పన్నెండేళ్లుగా వెళ్లలేదు. దసరా సెలవుల్లో చింతపల్లి నుంచి ఇచ్ఛాపురం దాకా తీరం వెంబడి, టెంట్లు వేసుకుంటూ నాలుగు రోజులు తిరిగి రావాలని పిల్లలు పట్టుబట్టారు. చీటీ పాడి, దానికి లోను కలిపి మూడున్నర లక్షల్లో పాత కారు కొందామా? టెంట్లు, స్టవ్, కుర్చీలు 38,000 అవుతున్నాయి. వాటిని క్రెడిట్ కార్డు మీద ఈఎంఐలో తీసుకోవచ్చా?

జవాబు: వెళ్లండి. ముందు ఆ మాట చెప్పి లెక్కల్లోకి వస్తాను. 71 ఏళ్ల అమ్మని పుట్టింటికి తీసుకెళ్లడం వచ్చే ఏడాదికీ ఆ పై ఏడాదికీ వాయిదా వేసే పని కాదు. కానీ దసరాకి వద్దు, సంక్రాంతికి వెళ్లండి. ఆ మూడు నెలలు ఆగితే అప్పు అవసరమే ఉండదు.

దసరా వద్దనడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. మన తీరానికి అక్టోబరు గడ్డు నెల. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12న. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. ఆ రోజుల్లో సముద్రం పక్కన టెంటులో పిల్లల్నీ పెద్దావిడనీ పడుకోబెట్టడం నాకు ఇష్టం లేదు. జనవరిలో ఆకాశం తేటగా ఉంటుంది. తేలినీలాపురంలో పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు అప్పటికి ఇంకా ఉంటాయి.

ఇక చీటీ. ఇప్పుడు పాడితే ఎంత పోతుందో మీరు రాయలేదు. ఆరో ఏడో నెలలో 25,000 దాకా పోయిందనుకుందాం. చేతికి 75,000 వస్తుంది. చివరిదాకా ఆగితే, నిర్వాహకుడి కమీషన్ 5,000 పోను 95,000. తేడా 20,000. కింద మీకు వేసిచ్చిన ట్రిప్పు లెక్క చూడండి, మొత్తం 26,000. అంటే తొందరపడి పాడితే దాదాపు ఇంకో ట్రిప్పు డబ్బు పాటలోనే పోతుంది. ఆ పైన మిగతా నెలల వాయిదాలు కట్టక తప్పదు, జామీను కూడా అడుగుతారు. ఆ చీటీని ముట్టుకోకండి. అది చేతికొచ్చిన రోజు నేరుగా ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేయండి. మీ ఇంటికి ఆరు నెలల ఖర్చంటే రమారమి 2,70,000. ఇప్పుడు ఉన్నది 40,000. ఈ లోటు నన్ను ఎక్కువ కలవరపెడుతోంది.

కారు సంగతి త్వరగా తేల్చేస్తాను. 50,000 చేతి నుంచి కట్టి 3 లక్షలు 14 శాతానికి నాలుగేళ్ల లోను తీసుకుంటే నెలకు దాదాపు 8,200 కట్టాలి. మీకు మిగిలేది 5,000. వడ్డీయే 93,000 దాటుతుంది. ఇన్సూరెన్సు, టైర్లు, సర్వీసింగు వేరే. కుదరదు.

బావమరిది కారు అడుగుదామనే ఆలోచన వస్తుందేమో, నా అనుభవం చెప్తాను. కొన్నేళ్ల కిందట కళింగపట్నంలో మా బంధువు కారుని పిల్లల సరదా కోసం ఇసుకలోకి దించాను. ముందు చక్రాలు గిర్రున తిరిగాయి, బండి కదల్లేదు. ఇంకాస్త గట్టిగా తొక్కాను. చక్రాలు సగం దాకా దిగిపోయాయి, క్లచ్ మాడిన వాసన. అటు చూస్తే అలలు ఒక్కో గజం దగ్గరికొస్తున్నాయి. ఊళ్లో మత్స్యకారులు పదిమంది పరుగున వచ్చి టైర్ల కింద కొబ్బరి మట్టలు పరిచి, వలలు లాగే మోకు కట్టి, ఊపిరి బిగబట్టి లాగారు. డబ్బులిస్తే తీసుకోలేదు, టీ తాగారు. క్లచ్‌కి 14,000 అయింది, మొత్తం నా జేబులోంచే. అరిగిపోయిన క్లచ్‌కి ఇన్సూరెన్సు ఇవ్వదు. ఇంజనులోకి నీళ్లు వెళ్లి పాడైతే కూడా, ఇంజను ప్రొటెక్షన్ అనే అదనపు కవరు లేకపోతే మామూలు పాలసీలో రాదు. అలాగే తెలిసినవాళ్ల తెల్లబోర్డు కారుని అద్దె ఇచ్చి తీసుకోకండి. ప్రమాదం జరిగితే, అద్దెకు తిప్పారని క్లెయిమ్ తిరస్కరించవచ్చు. పసుపు బోర్డు బండి, డ్రైవర్‌తో మాట్లాడుకోండి. ఇసుక కనబడితే రోడ్డు మీదే ఆపమని ముందే చెప్పండి.

38,000 సామాను విషయంలో మీతో గట్టిగానే విభేదిస్తాను. ఏడాదికి నాలుగు రోజులు వాడి మిగతా రోజులు అటక మీద పెట్టే వస్తువులవి. నో కాస్ట్ ఈఎంఐ అన్నా ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ పడతాయి. ఒక నెల మినిమం డ్యూ (బిల్లులో కనీసం కట్టమనే మొత్తం) మాత్రమే కట్టి ఊరుకుంటే నెలకు మూడు, మూడున్నర శాతం వడ్డీ మొదలవుతుంది. నలుగురు పట్టే టెంటు ఒకటి అద్దెకో ఎరువుకో తెచ్చుకోండి. దాని మీద కప్పడానికి టార్పాలిన్ కొనండి, జనవరి మంచుకి తెల్లారేసరికి అన్నీ తడుస్తాయి. చాపలు, దుప్పట్లు, దోమతెర, ఐదు కేజీల సిలిండరు, రెండు గిన్నెలు చాలు.

రెండు రాత్రులు అమ్మ పుట్టింటి పెరట్లో పడుకోండి. కొబ్బరిచెట్ల కింద టెంటు వేస్తే పిల్లలకి అది క్యాంపింగే, అమ్మకి మంచం, బాత్రూమ్ దగ్గరగా ఉంటాయి. ఒక రాత్రి శ్రీకూర్మం, కళింగపట్నం చూసుకుని శ్రీకాకుళంలో రెండు గదులు తీసుకోండి. బారువ తీరంలో చీకటి పడ్డాక ఉండాలంటే ఊరి పెద్దల్ని అడగండి. జనవరి నుంచి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొస్తాయి, మంటలు వేయకండి, టార్చ్ కొట్టకండి.

ఇప్పుడు లెక్క. ఊళ్లలోకి తిరగడంతో కలిపి రానుపోను 500 కిలోమీటర్లు, కిలోమీటరుకి 18 చొప్పున 9,000. డ్రైవర్ బత్తా 2,000. గదులు 3,000. పొద్దున్నే ఒడ్డున చేపలు కొని వండుకుంటే నాలుగు రోజుల తిండికి 5,000. టెంటు అద్దె, టార్పాలిన్, గ్యాస్ 4,000. మేనమామ ఇంటికి ఉత్త చేతులతో వెళ్లలేరు కదా, చీర, పంచె, స్వీట్లు 3,000. మొత్తం 26,000. అద్దె రేట్లు పండక్కి పెరుగుతాయి కాబట్టి బండిని డిసెంబరులోనే మాట్లాడండి.

ఆగస్టు నుంచి జనవరి దాకా ఆరు నెలలు 3,500 చొప్పున వేస్తే 21,000. జీతం పడిన మర్నాడే వేరే ఖాతాలోకి వెళ్లిపోయేలా పెట్టండి. ఆరు నెలల ఆర్‌డీ (నెలనెలా వేసే రికరింగ్ డిపాజిట్) దొరికితే మంచిది, దొరక్కపోతే సేవింగ్స్ ఖాతా అయినా చాలు. ఇంత తక్కువ కాలానికి వడ్డీ మూడు నాలుగొందలు దాటదు. పోస్టాఫీసు ఆర్‌డీ మాత్రం దీనికి పనికిరాదు, అది ఐదేళ్లది, మూడేళ్లు నిండితే గానీ మూయనివ్వరు. మిగతా 1,500 ఆ 40,000కి కలుపుతూ పోండి. తక్కువ పడ్డ 5,000 దసరా, సంక్రాంతి జాకెట్ల సీజనులో అదనంగా వచ్చేదాంట్లోంచి రావాలి. అది మీ భార్య కష్టం. ముందు ఆవిడని అడగండి, కాదంటే గదులు మానేసి ఒక రోజు తగ్గించుకోండి. పండగ కుట్టు అయ్యేదాకా ఆవిడ కుట్టుమిషను ముందు నుంచి లేవలేరు, అందుకే కనుమ వెళ్లాక బయలుదేరమంటున్నాను. స్కూలు సెలవులకు ఒకటి రెండు రోజులు కలుపుకుంటే సరిపోతుంది.

బయలుదేరే లోపు రెండు పనులు. అమ్మకి ఆయుష్మాన్ వయ వందన కార్డు చేయించండి. 70 నిండినవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల వరకు ఆసుపత్రి వైద్యం కోసం 2024 అక్టోబరులో వచ్చిన పథకం, ఆధార్ ఉంటే చాలు. రెండోది, మీ పేర టర్మ్ పాలసీ, అంటే మీకేమైనా అయితే ఇంటికి డబ్బొచ్చే జీవిత బీమా. ఇంటికి ప్రధానంగా మీ జీతమే ఆధారం, మీ ఉత్తరంలో ఏ పాలసీ ప్రస్తావనా లేదు. వ్యక్తిగత జీవిత బీమా మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు. చీటీ చేతికొచ్చేదాకా ఆగకుండా ఈ ఏడాదే తీసుకోండి. ప్రీమియానికి ఆ 1,500 వాడినా నేను అభ్యంతరం చెప్పను.

తిరుగుదారిలో పలాసలో జీడిపప్పు కొనాలని ఇంట్లోవాళ్లు అడుగుతారు. అది ఈ 26,000లో లేదు. రెండు కేజీల డబ్బు విడిగా కవర్లో పెట్టి అమ్మ చేతికివ్వండి, ఆవిడే బేరమాడి కొంటారు.