యూ5 మాతృవంశం ఎక్కడ పుట్టింది? ఎలా వ్యాపించింది?

మన కణాల్లో శక్తిని తయారుచేసే భాగాలైన మైటోకాండ్రియాలోని డీఎన్‌ఏ తల్లి నుంచే బిడ్డకు వస్తుంది. కొడుక్కీ వస్తుంది గానీ అతనితోనే ఆగిపోతుంది. ముందుకు సాగేది కూతుళ్ల ద్వారానే. అందులో ఎప్పుడో ఒకసారి వచ్చే మార్పులను బట్టి వంశశాఖలను గుర్తిస్తారు.

అలాంటి ఒక శాఖే యూ5. అది పుట్టింది ఐరోపాలో, సుమారు 30 వేల ఏళ్ల కిందట, బహుశా అంతకన్నా ముందే. వ్యవసాయం రాకముందు అక్కడ వేటాడి బతికినవాళ్ల ఎముకల్లో ఎక్కువగా కనిపించేది ఇదే. ఇంగ్లండ్‌లో 1903లో బయటపడిన, దాదాపు 10 వేల ఏళ్ల నాటి ‘చెడ్డార్ మనిషి’ అస్థిపంజరానిదీ ఈ వంశమే. తర్వాత అనటోలియా (నేటి టర్కీ ప్రాంతం) నుంచి రైతులు రావడంతో దీని వాటా బాగా తగ్గింది.

నన్ను ఎక్కువగా కదిలించేది యూ5బీ1బీ అనే ఉపశాఖ. ఉత్తర స్కాండినేవియాలోని సామీ ప్రజల్లో ఇది చాలా ఎక్కువ. ఉత్తర ఆఫ్రికా బెర్బెర్లలోనూ ఇదే ఉందని 2005లో వెలువడిన పరిశోధన చూపింది. ఒకరు ధ్రువపు చలిలో, ఇంకొకరు సహారా అంచున. ఇద్దరినీ కలిపే తల్లి సుమారు 9 వేల ఏళ్ల నాటిది! మంచుయుగంలో నైరుతి ఐరోపాలో తలదాచుకున్నవాళ్ల సంతతి, మంచు తగ్గాక ఇటు ఉత్తరానికీ అటు ఆఫ్రికాకూ వెళ్లిందని ఆ పరిశోధకుల అంచనా.

ఒక్క సంగతి మరవద్దు. పది తరాల వెనక మనకు 1,024 పూర్వీకుల స్థానాలుంటాయి. మాతృవంశ పరీక్ష చెప్పేది అందులో ఒక్క స్త్రీ గురించే.