గొంతుతో పాటు కదిలే అక్షరం: ఇది ఉద్యోగమవుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరం పరీక్షలు రాసింది. ఎవరి మాటలైనా రికార్డు చేసి, ఆ గొంతుకు తగ్గట్టు తెలుగు అక్షరాలు తెర మీద కదిలేలా ఫోనులోనే వీడియోలు తయారుచేస్తుంది. ఇదే నేర్చుకుంటానని పట్టుబడుతోంది. ఇక్కడి ఒక సంస్థ ఆరు నెలల కోర్సుకు లక్షన్నర అడుగుతోంది. చేర్చమంటారా?
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: అమ్మాయిని ఆపకండి. లక్షన్నర మాత్రం ఇప్పుడే కట్టకండి.

ఈ పనిని కైనెటిక్ టైపోగ్రఫీ అంటారు. పాటల లిరికల్ వీడియోలు, వార్తా చానళ్ల ప్రోమోలు, ప్రకటనలు, ఆన్‌లైన్ పాఠాలు, సినిమా టైటిళ్లు, అన్నిటా దీని అవసరం ఉంది. కానీ ఇదొక్కటే వచ్చినవారికి ఉద్యోగాలు తక్కువ. సంస్థలు తీసుకునేది మోషన్ గ్రాఫిక్స్ డిజైనర్లను, అంటే తెర మీద బొమ్మలనూ అక్షరాలనూ కదిలించేవారిని. బొమ్మలు, రంగులు, ఎడిటింగ్ కూడా తెలిసి, అక్షరాల దగ్గర ప్రత్యేకంగా రాణించేవారికి మంచి చోటు దొరుకుతుంది.

ఆరు నెలల కోర్సుల్లో సమయమంతా సాఫ్ట్‌వేర్ బటన్లకే పోతుంది. అసలు కష్టం వినడంలో ఉంది. అమ్మాయి చేత ఈ వాక్యం రికార్డు చేయించండి: ‘నువ్వు రావని నాకు ముందే తెలుసు.’ ‘నాకు’ మీద ఊనిక వేస్తే ఒక అర్థం, ‘ముందే’ దగ్గర ఆగి పలికితే మరొక అర్థం. రెండింటికీ తెర మీద ఒకే కదలిక పెడితే ఆమె ఇంకా వినడం లేదన్నమాట. ‘ముందే’కు ముందున్న ఆ చిన్న విరామంలో తెర కదలకుండా నిలబడాలి. కొత్తగా నేర్చుకునేవారు ఖాళీ కనబడితే చాలు, ఏదో ఒకటి ఆడించేస్తారు. నిశ్శబ్దాన్ని వదిలేయగలిగిన అమ్మాయి ఈ పనిలో సగం నేర్చుకున్నట్టే.

పద్ధతి ఇలా ఉండాలి. ముందు కళ్లు మూసుకుని వినాలి. కాగితం మీద వాక్యం రాసి, ఊపిరి తీసుకున్నచోట గీత, ఒత్తి పలికినచోట చుక్క పెట్టాలి. ఆ తరువాతే కంప్యూటర్‌లో ధ్వని తరంగం (శబ్దాన్ని ఎత్తుపల్లాలుగా చూపే గీత) మీద మార్కర్లు, అంటే గుర్తులు, పెట్టాలి. ఇక్కడ చాలామంది తరంగం ఎక్కడ ఎత్తుగా ఉంటే అక్కడ అక్షరాన్ని దింపుతారు. క, ట, ప వంటివి తరంగంలో చటుక్కున మొదలవుతాయి కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. మ, న, స మెల్లగా మొదలవుతాయి. శిఖరం కనబడేసరికి మాట మొదలై కొంత సేపయి ఉంటుంది. అందుకే మార్కర్ పెట్టాక కళ్లతో కాక చెవితో సరిచూసుకోవాలి.

సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో ఒక ఫ్రేము 40 మిల్లీసెకన్లు. ప్రసారాల కోసం అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ఇచ్చిన సిఫారసు ప్రకారం, బొమ్మ కన్నా శబ్దం 45 మిల్లీసెకన్లు ముందొస్తే మనిషి పసిగట్టగలడు. వెనకబడితే మాత్రం 125 మిల్లీసెకన్ల దాకా పట్టించుకోడు. కాబట్టి అనుమానం ఉన్నచోట అక్షరం శబ్దం కన్నా ఒక ఫ్రేము ముందే వచ్చేలా జరపమనండి. ఆలస్యంగా వచ్చిన అక్షరం వెంటనే దొరికిపోతుంది.

ఇక తెలుగు లిపి సంగతి. ఇంటర్నెట్‌లో దొరికే పాఠాలు ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల కోసం చేసినవి. ‘ఒక్కో అక్షరం ఎగిరి రావాలి’ అన్న ఎఫెక్ట్‌ను మన లిపికి వేస్తే గుణింతాలు, ఒత్తులు విడిపోయే ప్రమాదం ఉంది. ‘స్త్రీ’ మనకు ఒకే అక్షరం. కంప్యూటర్ లోపల అది ఆరు యూనికోడ్ సంకేతాలు. ఏ సాఫ్ట్‌వేర్ ఎంచుకున్నా ముందుగా ఇదే మాట టైపు చేసి, కదిలించి చూడమనండి. పైగా మన మాటలు పొడవు. ‘వెళ్లాలనుకుంటున్నాను’ ఒక్కటే ఫోను తెర వెడల్పంతా ఆక్రమిస్తుంది. క్రియ వాక్యం చివర వస్తుంది కాబట్టి బరువైన మాట కోసం తెర మీద చోటు ముందే ఉంచుకోవాలి. ఇంగ్లిష్ నమూనా చూసి చేసేవారికి ఇది తట్టదు. తెలుగు బాగా వచ్చి, తెలుగు చదివే అలవాటున్న అమ్మాయికి తడుతుంది. ఆమె భాషాభిమానాన్ని దయచేసి చదువుకు అడ్డంగా చూడకండి; ఈ వృత్తిలో అదే ఆమె పెట్టుబడి.

మాటలను గుర్తించి ఒక్కొక్కటిగా తెర మీద వేసే యాప్‌లు ఇప్పటికే వచ్చాయి. ఆ మాత్రం పనికి రేపు ఎవరూ డబ్బివ్వరు. ఏ మాట పెద్దదిగా రావాలో, ఏది అసలు రాకూడదో నిర్ణయించగలిగినవారికే గిరాకీ ఉంటుంది.

ఖర్చు విషయానికొస్తే, మొదటి ఏడాది దాదాపు ఏమీ అక్కర్లేదు. ధ్వని కోసం ఆడాసిటీ, కదలిక కోసం బ్లెండర్ ఉచితం. మండలి, రామభద్ర, సురవరం వంటి తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. పరిశ్రమలో ఎక్కువగా వాడే ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌కు చందా కట్టాలి, 16 జీబీ ర్యామ్ ఉన్న కంప్యూటర్ కూడా కావాలి. అది తరువాత చూసుకోవచ్చు.

ఆ లక్షన్నరను డిగ్రీ కోసం దాచండి. డిజైన్ కోర్సుల ప్రవేశ పరీక్ష యూసీడ్ ద్వారా ఐఐటీ హైదరాబాద్‌లో బీడిజైన్ (డిజైన్ డిగ్రీ)లో చేరవచ్చు. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా ఈ పరీక్ష రాయవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లోని ఎన్ఐడీ (జాతీయ డిజైన్ సంస్థ)లో కమ్యూనికేషన్ డిజైన్ ఉంది, దానికి ప్రవేశ పరీక్ష వేరు. హైదరాబాద్‌లోని జేఎన్ఏఎఫ్ఏయూ (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం)లో బీఎఫ్ఏ (లలిత కళల డిగ్రీ) యానిమేషన్ మరో దారి. యూసీడ్‌లో బొమ్మ గీయమనే ప్రశ్న కూడా ఉంటుంది కనుక ఈ వేసవి నుంచే రోజూ పెన్సిల్ పట్టించండి. ఆ పరీక్ష సాధారణంగా జనవరిలో జరుగుతుంది, దరఖాస్తులు అంతకు కొన్ని నెలల ముందే మొదలవుతాయి. దసరా సెలవుల లోపు నోటిఫికేషన్ చూసుకోండి. ఈలోగా అర నిమిషం వీడియోలు నాలుగైదు, ఒక్కోటి ఒక్కో గొంతుతో, శ్రద్ధగా చేయించి నాకు పంపండి. అవి చూశాక కోర్సు సంగతి మాట్లాడుకుందాం.