చెమ్మ గోడకు పుట్టీ నిలవదు

ప్ర: ఇళ్ల మరమ్మతులు సొంతంగా ఒప్పుకుని చేస్తుంటాను. నిరుడు ఒక పాత డాబాలో హాలు గోడ పెచ్చులు గీకి, రెండు కోట్లు పుట్టీ పెట్టి రంగు వేశాను. వానాకాలం దాటేసరికి కింద మూడడుగుల మేర మళ్లీ ఉబ్బి రాలిపోయింది. ఇంటివారు నా పనే బాగాలేదంటున్నారు. తప్పెక్కడ జరిగింది?
– ఒక పాఠకుడు, రాజోలు

జ: తప్పు పుట్టీలో లేదండీ, గోడలో నీరుంది. నేలలోంచి ఇటుకల్లోకి ఎక్కే నీరు ఉప్పును వెంట తెస్తుంది. గోడ పైపొరకు వచ్చాక నీరు ఆరిపోయి ఉప్పు అక్కడే గడ్డకడుతుంది, పుట్టీని లోపలి నుంచి నెట్టేస్తుంది. ఖరీదైన పుట్టీ కొన్నా అంతే.

ముందు నీరు ఎక్కణ్ణుంచో తేల్చుకోండి. ఒక్కచోటే మచ్చలా ఉంటే పైపును అనుమానించాలి. గోడ పొడవునా ఇంచుమించు ఒకే ఎత్తున గీత కనిపిస్తే అది నేల నీరే. అనుమానం మిగిలితే అడుగు చదరం పాలిథిన్ కాగితాన్ని నాలుగు అంచులా టేపుతో గోడకు అంటించి రెండు రోజులు వదిలేయండి. కాగితం వెనక, అంటే గోడ వైపున, నీటి బొట్లు పడితే తేమ గోడలోంచి వస్తున్నట్టు. గది వైపున పడితే అది గాలిలోని తేమ.

తర్వాత బయటికెళ్లి చూడండి. మన వైపు సిమెంటు రోడ్డు వేసినప్పుడల్లా వీధి ఎత్తు పెరుగుతుంది, ఇంటివారు దొడ్డి మెరక చేయిస్తారు. ఆ మట్టి బేస్‌మెంటు దాటి గోడకు ఆనుకుంటుంది. దాన్ని లోపలి గచ్చు మట్టం కన్నా కనీసం అర అడుగు కిందికి తీయించాలి. అది చేయించకుండా లోపల ఎంత పని చేసినా డబ్బు దండగే.

ఇక గోడ పని. చెమ్మ గీతకు పైన మరో అడుగు దాకా పాత ప్లాస్టరింగు కొట్టేయండి. తాపీ పిడితో తట్టి చూస్తే డొల్ల చప్పుడు వచ్చేచోటల్లా పోవాల్సిందే. ఇటుకల సందులు అర అంగుళం లోతున గీకండి. తెల్లగా పూసిన ఉప్పును పొడి బ్రష్షుతోనే దులపాలి. నీళ్లతో కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. చెమ్మను ఆపే సిలేన్ క్రీము ఎక్కించాలంటే బయటి నేలకు అర అడుగు పైన, ఇటుకల సందు వరుసలో, 12 మి.మీ. బెజ్జాలు 12 సెం.మీ.కి ఒకటి చొప్పున వేయాలి. తొమ్మిది అంగుళాల గోడకు లోతు ఏడున్నర అంగుళాలు. ఆ తర్వాత గోడను ఆరనివ్వాలి. అంగుళం మందానికి నెల అని మోటు లెక్క. ఇంటివారికి నచ్చని మాటే అయినా ముందే చెప్పి, ఎస్టిమేటు కాగితం మీద రాయండి. రేపు మాట పడకుండా కాపాడేది ఆ కాగితమే.

వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లో మొదలుపెడితే నేలలో నీరు దిగి ఉంటుంది, పని మీకు అనుకూలిస్తుంది. ప్లాస్టరింగు 1:4 పాళ్లలో, 12 మి.మీ. మందాన వేస్తే వంద చదరపు అడుగులకు బస్తా సిమెంటు, అయిదు ఘనపుటడుగుల ఇసుక పడుతుంది. ఇసుక గోదావరిదే వాడండి, ఉప్పుటేరు ఇసుక వద్దు. కలిపిన మాలు అరగంటలో అయిపోవాలి. ఏడు రోజులు తడపండి. సున్నంతో కట్టిన పాత పెంకుటిల్లయితే సిమెంటు జోలికి పోకండి. లోపలి నీరు ఆరే దారి లేక ఇంకా పైకెక్కుతుంది. సున్నంతోనే ప్లాస్టరింగు చేయాలి.

ప్ర: నా డ్రిల్లు మిషను గాలి రంధ్రాల్లోంచి నిప్పురవ్వలు వస్తున్నాయి. మోటారు పోయినట్టేనా?
– ఒక పాఠకుడు, భీమవరం

జ: ముందు కార్బన్ బ్రష్షులు, అంటే తిరిగే మోటారుకు కరెంటు అందించే చిన్న బొగ్గు ముక్కలు, చూడండి. ప్లగ్గు పీకాకే విప్పాలి. అరిగి 6 మి.మీ. కన్నా తక్కువ పొడవు మిగిలితే రెండూ కలిపి మార్చండి. ఒకటే మారిస్తే సమంగా ఆనవు. కొత్తవి వేశాక లోడు లేకుండా అయిదు నిమిషాలు తిప్పండి. అయినా రవ్వలు చుట్టూ వలయంలా తిరుగుతుంటే ఆర్మేచరు (మోటారులో తిరిగే తీగచుట్టల భాగం) సంగతి వైండింగు షాపులో చూపించాలి.