మంచుకి పని చెప్పు

చిరంజీవికి,

నీ నవల మూడో అధ్యాయంలో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. అరకు కాఫీ తోట, డిసెంబరు తెల్లవారుజాము, కళ్లంలో మేనేజరు శవం. పోలీసులు శవాన్ని లేపితే కింద గింజలు పొడిగా ఉన్నాయి, చుట్టూ ఉన్నవి మంచుకి తడిసి ముద్దయ్యాయి. ఎంత బాగా చూశావు! ఇక కథంతా ఇక్కణ్ణించే లాగుతావని కుర్చీ ముందుకి జరుపుకున్నాను. నువ్వేమో చివర్లో సెల్ టవర్ రికార్డుతో హంతకుణ్ణి పట్టించేశావు. ఆ గింజల ఊసే మళ్లీ లేదు. ఒళ్లు మండి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆరబోసిన గింజల్ని సాయంత్రానికి పోగుచేసి టార్పాలిన్ కప్పుతారు, మంచు తగిలితే సరుకు పాడవుతుందని. మరి ఆ రోజు ఎందుకు కప్పలేదు? కప్పాల్సిన మనిషి ఏమయ్యాడు? మంచు పడకముందే శవం అక్కడుంటే, హత్య రాత్రి రెండింటికి జరిగిందని నీ ఇన్‌స్పెక్టర్ ఎలా తేల్చాడు? అసలు నవల ఇక్కడుంది. నువ్వు మాత్రం అధ్యాయానికోసారి 'దట్టమైన పొగమంచు అలుముకుంది' అని రాసి ఊరుకున్నావు.

హత్య కథలో మంచైనా, వానైనా, చీకటైనా ఎవరినో దాచాలి, లేదా ఎవరినో పట్టివ్వాలి. ఊరికే కురవడానికి వీల్లేదు. ఈ విషయంలో నేను మొండివాణ్ణి.

కానన్ డాయిల్ 'హౌండ్ ఆఫ్ ది బాస్కర్‌విల్స్' పుస్తకంగా వచ్చింది 1902లో. ఇంగ్లండులోని డార్ట్‌మూర్ బీడునేలలో నడిచే షెర్లాక్ హోమ్స్ కథ. అక్కడి జమీందారు సర్ చార్లెస్ చనిపోయిన రాత్రి, తోటదారిలో గేటు దగ్గర చుట్ట నుసి రెండుసార్లు రాలి ఉంటుంది. అంటే ఆయన అక్కడ ఐదు పది నిమిషాలు నిలబడ్డాడు. చీకట్లో, బీడు వైపు తెరుచుకునే గేటు దగ్గర, ఎవరికోసం? ఆ నుసి చదివాక ఆ తోటలో ఆకు కదిలినా మనకి అనుమానమే. చివర్లో పొగమంచు దారి మీదికి పాకి హోమ్స్ వేసిన పథకాన్నే చెడగొట్టబోతుంది. హంతకుడు బురదనేల వైపు పారిపోతాడు, శవం కూడా దొరకదు. ఆ బురదలో ఒక పొట్టి గుర్రం మునిగిపోవడం డాయిల్ మనకి ఎప్పుడో చూపించాడు. ఇంకా ఆ నవలని ఎందుకు చదువుతున్నారంటే ఇందుకే అంటాను.

కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు అద్దెకు తెచ్చుకుని, రాత్రికి రాత్రే ముగించిన తరం మాది. నేనూ వీక్లీకి సీరియల్ రాశాను. అందులో హంతకుడు వాన మొదలవకముందే ఇంట్లో దూరి ఉంటాడు. వాకిట బురదలో బయటికి వెళ్లిన అడుగులే తప్ప లోపలికి వచ్చినవి ఉండవు. ఎడిటర్‌గారు 'వర్ణన ఎక్కువైంది' అని ఆ వాన పేరా మొత్తం కొట్టేశారు. అడుగులూ పోయాయి. చివరి వారం చదివి పాఠకులు నన్ను తిడుతూ ఉత్తరాలు రాస్తే, ఆ మహానుభావుడు వాటిని కట్టగట్టి నాకే పంపాడు, పోస్టేజీ నా పారితోషికంలో కోసుకుని!

ఇప్పుడు ఆ పని ఓటీటీ మోజు చేస్తోంది. మొదటి పేజీలో శవం, చివరి పేజీలో ట్విస్టు ఉంటే చాలు, మధ్యలో అరకైనా అమీర్‌పేటైనా ఒకటే. నీకూ ఆ గాలి సోకింది. ఆ డ్రోన్ షాట్ లాంటి ప్రారంభం ఎవరి కోసం?

ముందు సెల్ టవర్ తీసెయ్. టార్పాలిన్ కప్పే మనిషిని 'ఒక కూలీ' అని వదిలేశావు, అతనికో పేరూ ఇల్లూ ఇవ్వు. ఆ సాయంత్రం అతను ఏ దారిన ఇంటికెళ్లాడో రాయి. నువ్వడిగిన కలంపేరు సంగతి తర్వాత చూద్దాం. ఈసారి పేజీ నంబర్లు వేసి పంపు. హంతకుడు దొరికిన పేజీ రెండుసార్లు వచ్చింది, దాని ముందు పేజీ అసలే లేదు.