ఓడుతున్న పక్షం రాయబారిని ఎలా రాయాలి

చిరంజీవికి ఆశీస్సులు.

స్పెయిన్ అంతర్యుద్ధం మీద నువ్వు రాస్తున్న నవలలో పంపిన అధ్యాయాలన్నీ చదివాను. యుద్ధరంగం కళ్లకు కట్టింది. కథ లండన్ చేరేసరికి మాత్రం నీ కలం నీరసించింది. రిపబ్లిక్, అంటే స్పెయిన్‌లో ఎన్నికైన ప్రభుత్వం, పంపిన రాయబారి ప్రతి గుమ్మం ముందూ చేతులు నలుపుకుంటూ సాయం అడుక్కుంటున్నాడు. నా అభ్యంతరమంతా అక్కడే.

పాబ్లో దె అజ్కారతే అడుక్కోవడానికి వెళ్లలేదు. 1936లో లండన్ రాయబారి కాకముందు ఆయన నానాజాతి సమితిలో ఉప ప్రధాన కార్యదర్శి. ఒప్పందాల భాష ఆయనకు కొట్టిన పిండి. ఎన్నికల్లో గెలిచిన ప్రభుత్వం తరఫున వచ్చి, డబ్బిచ్చి ఆయుధాలు కొనుక్కునే హక్కును గుర్తించమన్నాడు. బ్రిటన్, ఫ్రాన్స్ చొరవతో 27 దేశాలు స్పెయిన్‌లో జోక్యం చేసుకోబోమని ఒప్పుకున్నాయి. సెప్టెంబరు 9న లండన్‌లో వాటి కమిటీ తొలిసారి కూర్చుంది. తిరుగుబాటు సేనాని ఫ్రాంకోకు విమానాలు పంపుతున్న జర్మనీ, ఇటలీ అందులో సభ్యులు. స్పెయిన్‌కు మాత్రం కుర్చీ లేదు. చట్టబద్ధమైన ప్రభుత్వాన్నీ, దాని మీద తిరగబడిన సైన్యాధికారులనూ ఒకే గాటన కట్టేశారు. ఈ అన్యాయం తెలిసిన మనిషి గొంతులో దైన్యం ఎలా పలుకుతుంది? కోపం పలకాలి. మర్యాద గీత దాటని కోపం. రాయడం కష్టమే, కానీ నీ నవలకు ప్రాణం అదే.

అలాగని రిపబ్లిక్‌ను కడిగిన ముత్యంలా చూపించకు. ఆ అక్టోబరులో బ్రిటిష్ రాజకీయవేత్త లార్డ్ రాబర్ట్ సెసిల్ అజ్కారతేను చర్చిల్‌కు పరిచయం చేయబోయాడు. రాయబారి చేయి చాపాడు. చర్చిల్ ఆ చేయి అందుకోకుండా "రక్తం, రక్తం" అని గొణుగుతూ వెళ్లిపోయాడు. చర్చిల్‌ను దుర్మార్గుణ్ణి చేసి ఈ సన్నివేశం ముగించవద్దు. రిపబ్లిక్ ప్రాంతంలో దాదాపు 7 వేల మంది క్రైస్తవ మతాచార్యులు, సన్యాసులు, సన్యాసినులు హతమయ్యారు. ఎక్కువ మంది ప్రభుత్వం పట్టు తప్పిన ఆ తొలి నెలల్లోనే. ఫ్రాంకో పక్షం చేసిన హత్యలు మొత్తం మీద ఇంకా ఎక్కువ. అయినా గాలిలో మిగిలిపోయిన చేయి మాత్రం అజ్కారతేది. తాను చేయని, తన ప్రభుత్వం ఆపలేకపోయిన హత్యలకు ఆయన జవాబు చెప్పాలి. ఆ క్షణం దగ్గర ఆగు. రెండు పేజీలైనా పరవాలేదు.

రిపబ్లిక్ ప్రధాని నెగ్రిన్‌ను నువ్వు ఉత్త మొండివాడిగా చూపావు. ఆయనకో లెక్క ఉంది. 1938 సెప్టెంబరు 21న జెనీవాలో, తమ వైపు పోరాడుతున్న విదేశీ స్వచ్ఛంద సైనికులందరినీ పంపించేస్తామని ప్రకటించాడు. ఇటలీ సేనలను వెనక్కి పిలిపించే ఒత్తిడి పెరుగుతుందని ఆశ. దాని వెనుక ఇంకా పెద్ద ఆశ: హిట్లర్‌తో యుద్ధం వస్తే బ్రిటన్, ఫ్రాన్స్‌లకు తమ అవసరం పడుతుందని. తొమ్మిది రోజులకే బ్రిటన్, ఫ్రాన్స్ హిట్లర్‌తో రాజీపడిన మ్యూనిక్ ఒప్పందం కుదిరింది. ఆ యుద్ధం వచ్చింది, రిపబ్లిక్ కూలిన ఐదు నెలలకు. ఆ సంగతి నెగ్రిన్‌కు తెలియదు కాబట్టి కథకుడిగా నువ్వూ ముందే బయటపెట్టకు.

1938 జూన్‌లో నెహ్రూ బార్సిలోనా వెళ్లిన ఘట్టానికి ఒక పేజీ చాలు. మనవాడన్న అభిమానంతో సాగదీశావు.

ఇక 1939 ఫిబ్రవరి 27. మాడ్రిడ్ ఇంకా రిపబ్లిక్ చేతిలోనే ఉండగా బ్రిటన్, ఫ్రాన్స్ ఫ్రాంకోను గుర్తించాయి. నువ్వు ఆ రోజు రాయబారిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి కన్నీళ్లు పెట్టించావు. ఆయనకు అంత తీరిక ఎక్కడిది? భవనం వదలాలి. ఏ కాగితాలు వెంట తీసుకుపోవాలి, ఏవి మిగల్చకూడదు, సిబ్బంది పాస్‌పోర్టులు రేపు చెల్లుతాయా, సరిహద్దు దాటి ఫ్రాన్స్ శిబిరాల్లో పడిన లక్షల మంది గురించి ఇకపై ఏ హోదాతో మాట్లాడాలి? ఈ పనుల్లో ఆయన్ను తిరగనివ్వు. ఈ అధ్యాయాన్నే ముందు తిరగరాసి పంపు. మిగతావి తర్వాత చూద్దాం.