రిఫరీ తప్పు వల్లే ఓడిపోయామా? దోహాలో ఆ మ్యాచ్ చూసినవాడిగా నా జవాబు

అంతర్జాతీయ ఫుట్‌బాల్‌లో రిఫరీల తప్పులు నిజంగా ఫలితాన్ని మారుస్తాయా, లేక అది ఓడిన జట్లు చెప్పుకునే సాకా అని అడిగారు. మారుస్తాయి. అలాంటి మ్యాచ్ ఒకటి నేను స్టేడియంలో కూర్చుని చూశాను.

మాది జగిత్యాల దగ్గర ఒక ఊరు. ఉద్యోగం ఖతార్‌లో. 2024 జూన్ 11న దోహాలో ఇండియా, ఖతార్ ప్రపంచకప్ క్వాలిఫయర్ ఉంటే రూమ్‌లో నలుగురం కలిసి వెళ్లాం. అప్పటికి ఐదు రోజుల క్రితమే మన కెప్టెన్ సునీల్ ఛెత్రి కోల్‌కతాలో చివరి మ్యాచ్ ఆడేశాడు. ఆయన లేని జట్టు, అయినా గెలిస్తే మొదటిసారి మూడో రౌండ్‌కి వెళ్తాం. ఖతార్ అప్పటికే క్వాలిఫై అయిపోయింది కాబట్టి ఎక్కువగా కుర్రాళ్లనే దింపింది. 37వ నిమిషంలో మన చాంగ్తే గోల్ కొట్టగానే మా గొంతులు పోయాయి.

73వ నిమిషం. ఖతార్ ఫ్రీకిక్, హెడర్. మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఆపాడు కానీ బంతి అతని దగ్గర్నుంచి జారి గోల్‌పోస్టు పక్కగా గీత దాటింది. ఖతార్ ఆటగాడు ఒకడు దాన్ని కాలితో వెనక్కి లాగాడు, యూసుఫ్ ఐమెన్ నెట్‌లోకి కొట్టాడు. మేం కూర్చున్నది అవతలి గోల్ వైపు. బంతి గీత దాటిందో లేదో మాకు కనిపించలేదు. కనిపించింది ఒక్కటే: మనవాళ్లు ఆట ఆపేసి, కార్నర్ ఇస్తారని నిలబడిపోయారు. రిఫరీ లైన్స్‌మన్‌తో మాట్లాడాడు. గోల్ ఇచ్చేశాడు. పక్క సీట్లో ఒక మలయాళీ అన్న ఫోన్‌లో రీప్లే చూపించాడు. అది అనుమానపడాల్సిన బంతే కాదు, పూర్తిగా బయట ఉంది.

నాకు ఇప్పటికీ మింగుడు పడనిది ఇంకొకటి. అంతకు ఏడాదిన్నర ముందు, 2022 ప్రపంచకప్‌లో, ఇదే దోహాలో జపాన్ స్పెయిన్‌ను ఓడించింది. జపాన్ గెలుపు గోల్‌కి ముందు వాళ్ల మితోమా వెనక్కి పంపిన బంతి బయటికి పోయిందనే అందరూ అనుకున్నారు. కెమెరాలతో కొలిస్తే 1.88 మిల్లీమీటర్ల మేర గీత మీదే ఉందని తేలింది. బంతి మొత్తం గీత దాటితేనే బయట అన్నది రూలు, కాబట్టి ఆ గోల్ న్యాయమే. అంత సన్నని తేడాను పట్టుకున్న ఊళ్లోనే మన మ్యాచ్‌కి వీడియో రిఫరీ లేడు, ఎందుకంటే ఆసియా క్వాలిఫయర్ల రెండో రౌండ్‌లో వీఏఆర్ (వీడియో చూసి రిఫరీకి సాయం చేసే పద్ధతి) పెట్టలేదు. పెద్ద జట్ల మ్యాచ్‌లకి ఒక న్యాయం, మనలాంటి జట్లకి ఇంకో న్యాయమా? రిఫరీ కావాలని చేశాడని నేను అనను. గుంపులో కనపడకపోయి ఉంటుంది. కానీ కనపడనప్పుడు చూసుకోవడానికి ఒక దారి ఉండాలి కదా.

85వ నిమిషంలో ఇంకో గోల్ తిని 2-1తో ఓడిపోయాం. మన ఫెడరేషన్ ఫిర్యాదు చేసింది కానీ ఫలితం మారలేదు.

ఇక జట్టు ఆట సంగతి. ఆ రాత్రి కువైట్ అఫ్ఘానిస్తాన్‌ను ఓడించింది కాబట్టి, మనం 1-1తో డ్రా చేసుకున్నా మూడో రౌండ్‌కి వెళ్లేవాళ్లం కాదు. ఆ గోల్ లేకుంటే 1-0 మీద గెలిచేవాళ్లమేమో, అదే నా బాధ. కానీ అంతదాకా ఎందుకు తెచ్చుకున్నాం? మార్చిలో గౌహతిలో అఫ్ఘానిస్తాన్ మీద ఛెత్రి తన 150వ మ్యాచ్‌లో పెనాల్టీతో ఆధిక్యం ఇచ్చాడు. దాన్ని నిలబెట్టుకోలేక 88వ నిమిషంలో పెనాల్టీ ఇచ్చుకుని 2-1తో ఓడాం. దానికి ముందు అదే జట్టుతో 0-0. కోల్‌కతాలో కువైట్‌తో 0-0. మొత్తం ఆరు మ్యాచ్‌ల్లో మూడంటే మూడే గోల్స్. అందులో ఒకటి పెనాల్టీ. గౌహతిలో డ్రా చేసుకుని ఉన్నా దోహాకి ఇంత టెన్షన్‌తో వచ్చేవాళ్లం కాదు.

2002 ప్రపంచకప్‌లో ఇటలీ కథ కూడా నాకు ఇలాగే అనిపిస్తుంది. దక్షిణ కొరియాతో ఓడిన మ్యాచ్‌లో టొట్టీకి రెండో ఎల్లో కార్డు ఇచ్చి పంపేయడం తప్పు, టొమ్మాసీ గోల్‌ని ఆఫ్‌సైడ్ అనడం తప్పు. కానీ 18వ నిమిషంలో వియేరీ గోల్ కొట్టాక ఆ ఒక్క గోల్‌నే కాపాడుకుంటూ కూర్చుని 88వ నిమిషంలో సమం చేయించుకున్నది ఇటలీయే. క్వార్టర్‌ఫైనల్లో అదే కొరియా మీద స్పెయిన్‌కి జరిగింది అసలైన అన్యాయం. హోకీన్ క్రాస్ చేసిన బంతి గీత దాటనే లేదు, అయినా మొరియెంటెస్ హెడర్‌ను రద్దు చేశారు. చివరికి పెనాల్టీ షూటౌట్‌లో స్పెయిన్ ఇంటికి వెళ్లింది.

2010 ప్రపంచకప్‌లో జర్మనీ మీద ఇంగ్లండ్ ఆటగాడు లాంపార్డ్ కొట్టిన బంతి గీత దాటి చాలా లోపల పడింది. గోల్ ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే 2-2 అయ్యేది. ఇంగ్లండ్ డిఫెన్స్ ఆడిన తీరుకి చివరికి ఓడేదేనని నా నమ్మకం. అయినా ఆ తప్పు ఊరికే పోలేదు. 2014 ప్రపంచకప్‌కి, బంతి గోల్ గీత దాటిందో లేదో పట్టే గోల్‌లైన్ టెక్నాలజీ వచ్చింది. దోహాలో మనకు జరిగిన దానివల్ల ఆసియాలో రెండో రౌండ్‌కీ వీఏఆర్ రావాలి, నేను గట్టిగా కోరుకునేది అదే.

ఆ రాత్రి రూమ్‌కి వచ్చాక కూడా మావాళ్లు ఆ రీప్లేనే మళ్లీ మళ్లీ పెట్టుకుని రిఫరీని తిట్టారు. నేనూ తిట్టాను. కానీ పడుకున్నాక నా కళ్ల ముందు తిరిగింది మాత్రం గౌహతిలో ఆ 88వ నిమిషమే.