శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఆడవాళ్లు రాసుకునే డైరీ రాజకీయ గొంతు ఎలా అవుతుంది?

పదిమందిలో చదివితే అవుతుంది. కవిటి, సోంపేట వైపు కిడ్నీ జబ్బు ఇంటింటి బాధ. "ఆయన్ని డయాలసిస్‌కి తీసుకెళ్లాను, కూలి పోయింది" అని రాసుకుంటే అది ఒకరి కష్టం. పక్కనే తేదీ, బస్సు ఛార్జీ, పోయిన కూలి, తాగే బోరు ఏదో రాస్తే లెక్క అడిగే ఆధారం. అలాంటి నోటుబుక్కులు సంఘం మీటింగులో కలిపి చదివితే ఊరి సమస్య తేలుతుంది.

దాన్ని ఒక పేజీ అర్జీ చేసి గ్రామసభలో ఇవ్వండి, తీర్మానం రాయించండి. జవాబు లేకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. పంచాయతీలో ఫీజు లేదు, 30 రోజుల్లో చెప్పాలి.

చెడేదెక్కడంటే, చదువుకున్నవాళ్లు ఆ రాతని దిద్ది ఆఫీసు భాష చేసేస్తారు. ఆమె మాటే ఉంచండి, తప్పులతో సహా. ఏ పేజీ చదవాలో కూడా ఆమె ఇష్టమే.